మోజంజాహీలో మా దాదా

మా అబ్బా ముప్పై ఏళ్లకు పైగా మోజంజాహీ మార్కెట్ లోపల అడుగు పెట్టలేదు. అబిడ్స్ పోయినా, బేగంబజార్ పోయినా ఆ చౌరస్తా తగులుతుంది. అక్కడికి రాగానే ఆటోలో మొహం అటు తిప్పుకునేవారు. ఎందుకో చిన్నప్పుడు నాకు సమఝ్ కాలేదు.

మా దాదా మర్హూం అక్కడి పండ్ల మండీలో హమాలీ. పాలమూరు నుంచి రోజీ వెతుక్కుంటూ వచ్చాడు. ఫజర్ నమాజ్ కాగానే తల మీద చుట్టకుదురు, దాని మీద బుట్ట. బత్తాయి, మామిడి, అనాబే షాహీ ద్రాక్ష. ఏ మౌసంలో ఏ పండు దిగిందో దాదా కమీజు వాసన చూసి చెప్పేవాళ్లమని అబ్బా అంటారు.

ఆ ఇమారత్ కథ మూసీ తుగ్యానీ నుంచి చెప్పుకోవాలి. 1908 వరదలో శహర్ బర్బాద్ అయింది. దాన్ని మళ్లీ తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జమానాలో, 1935లో ఈ మార్కెట్ తయారైంది. బోర్డుకు సదర్‌గా పనిచేసిన ఆయన రెండో షహజాదా మొజంజా పేరే దీనికి పెట్టారు. షహజాదా బేగం నీలోఫర్ పేరు పసిపిల్లల ఆసుపత్రికి ఉంది. మియాబీబీల పేర్లు రెండూ ఇప్పటికీ శహర్ నోట్లో నానుతున్నాయి.

అంతా గ్రానైటు రాయి. కమాన్లు, గుంబద్‌లు, మూల మీద గడియారం మీనార్. అక్కడి నుంచి రెండు రోడ్ల వెంబడి చేతులు చాచినట్టు దుకాణాల వరసలు, మధ్యలో సహన్. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉండేదట. పండుకు కావలసింది అదే కదా!

1980లలో మండీని కొత్తపేటకు మార్చారు. శహర్ నడుమ అన్ని లారీలకు జాగా ఎక్కడిది? మార్చడం సబబే. కానీ దాదాకు అప్పటికే అరవై దాటాయి. కొత్త మండీలో కొత్త జట్లు, ముసలి హమాలీని ఎవరూ కలుపుకోలేదు. నాలుగు రోజులు పోయి, ఖాళీ చేతులతో తిరిగొచ్చి, చుట్టకుదురు గూట్లో పెట్టేశాడు. తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. అబ్బా కోపం ఆ రాళ్ల మీద కాదు, ఆ ఖాళీ చేతుల మీద.

మరమ్మతులయ్యాక 2020 ఆగస్టులో మార్కెట్‌ను మళ్లీ తెరిచారు. మొన్న పిల్లలు ఐస్‌క్రీమ్ కావాలని జిద్దు చేస్తే అబ్బాను కూడా బలవంతంగా తీసుకుపోయాను. అబ్బా ఐస్‌క్రీమ్ ముట్టలేదు. తిన్నగా ఒక కమాను దగ్గరికి నడిచి రాయి మీద అరచెయ్యి ఆనించారు. "ఇక్కడే బుట్ట దించేవాడు."

"దాదాజాన్, మరి మీ అబ్బా పేరు ఎక్కడ రాశారు?" అంది నా బిడ్డ.

"హమాలీ పేరు ఎవరు రాస్తారు బేటా!" అని నవ్వారు. కళ్లు మాత్రం నవ్వలేదు.

ఆ రాత్రి ఇషా దాకా పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, మామిడి ఏ వరసలో దిగేదో, ద్రాక్ష ఏ వరసలో దిగేదో చెబుతూనే ఉన్నారు. నేను పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మీ ఇంట్లో కూడా ఏ మండీలోనో, ఏ మిల్లులోనో ఒళ్లు అరగదీసుకున్న బుజుర్గులు ఉంటారు. వాళ్లు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి.