కింద ఓనరుంటారు

ఆదివారం. సహచరికి డ్యూటీ. ఇంట్లో నేనూ, ఇద్దరు పిల్లలూ. పది కాకముందే పాలగిన్నె బోర్లాపడింది. దిద్దాల్సిన పేపర్ల మీద చిన్నది స్కెచ్ పెన్నుతో మార్కులేసేసింది, నాకంటే ధారాళంగా! ప్రశ్న జాషువా ‘గబ్బిలం’ (1941) మీద: అరుంధతీసుతుడు తన గోడు గబ్బిలానికే ఎందుకు చెప్పుకున్నాడు?

పెద్దోడు మంచం మీంచి దూకుతున్నాడు. "మెల్లగా నాన్నా, కింద ఓనరుంటారు." పొద్దుట్నించీ ఇదే మాట. అంతకుముందు నాలుగిళ్లవాళ్లు ‘మీరేమిట్లు?’ అనడిగి ఇల్లివ్వలేదు. ఈయన అడగలేదు. నేనూ చెప్పలేదు, లెక్చరర్‌నని మాత్రం చెప్పాను. ఆయన అడిగే సందర్భం రాకూడదనే పిల్లల కాళ్లకి ఈ కళ్లెం.

మా వాడలో మేం గెంతితే అమ్మ తిట్టేది గానీ, ఎవరికో వినబడుతుందని కాదు.

"పక్క పోర్షన్ పిల్లలూ దూకుతారుగా. వాళ్ల నాన్న ఏమీ అనరేంటి?"

నేను పాలమరక తుడుస్తున్నాను, ఇందాక తుడిచిన చోటే.