దీవికి అటువైపు

వెనిస్‌లో మూడు రోజులు తిరిగాక నాకో అనుమానం పట్టుకుంది. ఇంతకీ ఈ ఊళ్లో సముద్రం ఎక్కడుంది? నీళ్లకేం కొదవ లేదు. గుమ్మం దిగితే నీళ్లు, సందు తిరిగితే నీళ్లు. కానీ అల లేదు, హోరు లేదు. పడవ పోయినప్పుడు కాస్త కదిలి, మళ్లీ పళ్లెంలో పోసినట్టు నిలబడిపోయే నీళ్లు.

ఆ మాటే మా మేనల్లుడితో అన్నాను. వాడు పక్కనే పాదువాలో చదువుతున్నాడు. రైలెక్కితే అరగంట. శని, ఆదివారాలు నాకు ఊరు చూపించే పని నెత్తిన వేసుకున్నాడు.

"సముద్రం కావాలంటే లీదో దీవికి పోవాల మామా. అయినా అక్కడేముంది చూసేదానికి? ఇసకే."

"ఇసక చాల్లేరా. ఈ రాళ్లు చూసి చూసి విసుగొచ్చింది."

నిజం చెప్పాలంటే విసుగు రాళ్ల మీద కాదు, జనం మీద. రియాల్తో వంతెన ఎక్కితే మన ప్రమేయం లేకుండానే అవతలి ఒడ్డున తేలతాం. తిరుమల క్యూలోనూ అంతే గానీ, అక్కడ చివర్లో దేవుడు కనపడతాడు. ఈ పాత నగరంలో కాపురాలుండేవాళ్లు యాభై వేలకు లోపే మిగిలారు. పొద్దున వచ్చి సాయంత్రం పోయే జనాన్ని తట్టుకోలేక, 2024లో రద్దీ రోజుల్లో అలా వచ్చేవాళ్లకు తలకు 5 యూరోల రుసుము పెట్టారు. గుడికి, కోటకి టికెట్టు విన్నాం గానీ, ఊరికి టికెట్టు నేను చూడటం ఇదే మొదలు.

సాన్ మార్కో పక్క రేవులో వాపొరెత్తో ఎక్కాం. అది ఇక్కడి సిటీ బస్సు. 9.50 యూరోల టికెట్టు, పావుగంట ప్రయాణం. లీదోలో దిగీ దిగగానే వెనక హారన్ మోగితే ఉలిక్కిపడి పక్కకు దూకాను. సూట్‌కేసు చక్రాల చప్పుడు తప్ప మూడు రోజులుగా మరే బండి చప్పుడూ వినని చెవులు మరి. లీదోలో కార్లున్నాయి, బస్సులున్నాయి, సైకిళ్ల మీద కూరగాయలు తీసుకుపోయే ఆడవాళ్లున్నారు. హమ్మయ్య, ఇది మనుషులు బతికే ఊరు అనిపించింది.

దక్షిణపు కొసకు బస్సెక్కాం. ఇలాంటి చోట తెలుగువాడు తప్పక చేసే పని నేనూ చేశాను. స్టాపుల పేర్ల చివర అచ్చులు లెక్కపెట్టుకున్నాను. సాంతా మరియా ఎలిసబెత్తా, మాలమోక్కో, అల్బెరోనీ. ఒక్కటీ పొల్లుతో ఆగలేదు. మేనల్లుడు కిటికీలోంచి చూపిస్తూ పోతున్నాడు. సినిమా పండగ జరిగేది ఈ దీవి మీదేనట. 1957లో సత్యజిత్ రాయ్ 'అపరాజితో'కి బంగారు సింహం దక్కింది ఇక్కడే. జర్మన్ మహాకవి గోథే ముప్పయ్యేడేళ్ల వయసులో, 1786లో, జీవితంలో మొట్టమొదటిసారి సముద్రాన్ని దగ్గర నుంచి చూసిందీ ఈ దీవి ఒడ్డునే. ఆయన గవ్వలు ఏరుకున్నాడట. సముద్రం ముందు ఎంతటివాడికైనా చేతులు ఖాళీగా ఉండవు.

అల్బెరోనీలో పైన్ చెట్ల తోపు దాటితే ఇసుక దిబ్బలు. వాటి మీద చిట్టి పొదలు, గరుకు గడ్డి. దిబ్బ దిగితే సముద్రం. మోకాలి లోతులో ఎంత దూరం నడిచినా మోకాలి లోతే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగల్ని ఎవరో ఏరి, ఒకదానికొకటి ఆనించి, గుడిసెల్లా నిలబెట్టారు. ఒకదాని నీడలో ఓ ముసలాయన పేపరు ముఖాన కప్పుకుని నిద్రపోతున్నాడు. అర కిలోమీటరు మేర మేం నలుగురమో, ఐదుగురమో.

ఒకచోట ఇసుకలో నాలుగు కర్రలు పాతి తాడు కట్టారు. లోపల ఏమీ లేదనుకుని వంగి చూడబోతే మేనల్లుడు చెయ్యి పట్టి లాగాడు. పిచ్చుకంత పిట్ట ఒకటి, ఇసుక రంగు వీపు, తెల్లటి పొట్ట, గబగబా నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగింది. మళ్లీ పరుగు, మళ్లీ ఆగడం. ఫ్రతీనో అంటారట. ఇసుకలో చిన్న గుంట చేసుకుని గుడ్లు పెడుతుంది, అందుకే ఆ తాడు. దాన్ని నేను ఎరుగుదును. చలికాలం పులికాట్ బురదలో ఇదే జాతి పిట్ట ఇలాగే పరిగెత్తి ఇలాగే ఆగుతుంది.

పులికాట్ గుర్తొచ్చాక మిగతాదంతా దానంతటదే అర్థమైంది. మాది సూళ్లూరుపేట. మా సరస్సుకూ సముద్రానికీ నడుమ శ్రీహరికోట ఎలాగో, వెనిస్ సరస్సుకు లీదో అలాగ. ఈ ఇసుక పట్టీ అలల్ని మీద వేసుకోబట్టే ఆ పాలరాతి మేడలు పళ్లెంలాంటి నీళ్లలో నిలబడ్డాయి. ఇసుక చాలని చోట 18వ శతాబ్దంలో ఇస్త్రియా రాయి తెచ్చి గోడలు కట్టారు. అయినా 1966 నవంబరు 4న నీళ్లు 194 సెంటీమీటర్లకు లేచి ఊరిని ముంచాయి. పూర్వం వెనిస్ ప్రభువు ఏటా లీదో ముఖద్వారం దగ్గర సముద్రంలో ఉంగరం వేసి దాన్ని పెళ్లాడేవాడు. ఉంగరంతో కాపురం నిలవలేదు. ఇప్పుడు మూడు ముఖద్వారాల అడుగున 78 ఇనుప తలుపులు పడుకోబెట్టారు. పోటు మితిమీరేలా ఉంటే వాటిలోకి గాలి ఎక్కిస్తారు, అవి లేచి అడ్డం నిలబడతాయి. 2020 అక్టోబరులో మొదటిసారి నిలబడి ఊరిని కాచాయి.

మా బాధ దీనికి తిరగేసి ఉంటుంది. పులికాట్ ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయి, సముద్రం లోపలికి రాక చేపలు తగ్గిపోయాయని మా జాలర్ల మొర. వీళ్లు వద్దు మొర్రో అని తలుపులేస్తుంటే, మావాళ్లు రమ్మని గేటు తవ్వమంటున్నారు. సరస్సు పక్కన పుట్టినవాడికే ఈ రెండు మొరలూ ఒకటేనని తెలుస్తుంది.

మా తాత షార్ రాకెట్ కేంద్రం రాకముందు పడవలో శ్రీహరికోటకు పోయి కట్టెలు తెచ్చేవాడు. "దీవి మన పక్కకు వీపు పెట్టి కూర్చోనుంటాది రా. దాని మొగం సూడాలంటే అటుపక్కకి పోవాల" అనేవాడు. నేను పుట్టేసరికి రాకెట్లు వచ్చాయి, కంచె వచ్చింది. మా ఇంటి మేడ మీంచి రాకెట్ పోవడం లెక్కలేనన్నిసార్లు చూశాను గానీ, ఇరవై కిలోమీటర్ల అవతల ఆ ఇసుకలో ఒక్కసారీ కాలు పెట్టలేదు.

పొద్దు వాలుతోంది. ఇక్కడా మా తీరంలాగే సముద్రం తూర్పున ఉంది, అందుకని మా నీడలు నీళ్లలోకి సాగాయి. వెనిస్ వీపు వెనక ఎక్కడో ఉండిపోయింది.

"ఏంది మామా, ఎప్పుడూ సముద్రం చూడనట్టు చూస్తుండావు?" అన్నాడు మేనల్లుడు.

"ఇటుపక్క నుంచి చూడలేదురా" అన్నాను.

వాడికేం అర్థమైందో ఏమో, ఆఖరి బస్సుకు ఇంకా టైముందని చెప్పి, పక్కన కూలబడి బూట్లు విప్పుకున్నాడు.