నమ్మి చదువుకున్న రోజులు

12 నవంబర్ 2024, ఆళ్లగడ్డ

ఎదురింటి కుర్రాడు ఏదో దరఖాస్తు నింపుతూ, జిరాక్సుల కింద తన సంతకం తనే గీసుకున్నాడు. "మీ కాలంలో ఇట్లా లేదంట కదా సార్?" అన్నాడు. లేదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మార్కుల లిస్టును ట్రూ కాపీగా కొట్టించుకుని, గెజిటెడ్ ఆఫీసరు గడప దగ్గర నిలబడేవాళ్లం. ఆయన కాగితం చూడకముందే "ఎవరి కొడుకువప్పా?" అని అడిగేవాడు. తెలిసిన ఇల్లయితే పచ్చసిరా సంతకం వెంటనే పడేది. తెలిసినవాళ్లెవరూ లేని పల్లె పిల్లోడు సాయంత్రం దాకా అరుగు మీదే. యూనివర్సిటీ మెట్లెక్కకముందే మాకు కనిపించిన మొదటి నమ్మకం ఇది. అది మార్కులను చూసి పుట్టలేదు, పరిచయాన్ని చూసి పుట్టింది. నాకు ఇప్పటికీ కోపమే.

14 నవంబర్

తిరుపతి హాస్టల్లో డివైడింగ్ మెస్ గుర్తొచ్చింది. బియ్యం, పప్పు, కూరగాయలు మేమే కొనేవాళ్లం. నెల ఖర్చును తలకింతని పంచి బోర్డు మీద అంటించేవాళ్లు. మెస్ సెక్రటరీ ఎవరి కొడుకో ఎవరూ అడగలేదు. పుస్తకం టేబుల్ మీదే ఉండేది, ఎవరైనా తిరగేయొచ్చు. అనుమానం వస్తే మార్కెట్ చీటీ అడిగేవాళ్లం, చూపించేవాడు, మళ్లీ కలిసి తినేవాళ్లం. అడిగినందుకు నొచ్చుకోని నమ్మకం అది. ఆ తర్వాత ఉద్యోగంలో అంత ఆరోగ్యమైన నమ్మకాన్ని నేను చూడలేదు.

16 నవంబర్

ఈ రోజు శ్రీబాగ్ ఒప్పందం తేదీ. 1937లో మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో కోస్తా, రాయలసీమ పెద్దలు కూర్చుని రాసుకున్నారు. అప్పటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టి పదకొండేళ్లు. 1926లో బెజవాడలో మొదలై వాల్తేరు చేరింది. మన సీమ కాలేజీలేమో మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండాలనుకున్నాయి. మన వాళ్ల భయం చదువు మీద కాదు, దాన్ని నడిపే చేతుల మీద. ఆ భయం తీర్చడానికే వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం పెంచుతామని రాశారు.

ఒప్పందం మళ్లీ చదివాను. నీటి ప్రాజెక్టుల దగ్గర పదేళ్లనో, అవసరమైనంత కాలమనో ఒక మాట ఉంది. అనంతపురం కేంద్రానికి గడువే లేదు. తిరుపతికి 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, మంచిదే, నాకు అన్నం పెట్టిన చోటు. అనంతపురానికి పీజీ సెంటరు 1968లో, సొంత విశ్వవిద్యాలయం 1981లో. మాటకూ పనికీ మధ్య నలభై నాలుగేళ్లు! ఆ మధ్యలో చదువు మానుకున్న సీమ పిల్లలకు ఎవరు జవాబుదారీ? తేదీ రాయని హామీని పెద్దమనుషుల నమ్మకం అనొచ్చు గానీ, మా మెస్ పుస్తకం ముందు అది నిలబడదు.

18 నవంబర్, నంద్యాల

పని మీద బస్సెక్కి వచ్చాను. 1928లో ఇదే తేదీన ఈ ఊళ్లోనే దత్తమండలాల సభ జరిగింది. నిజాం 1800లో ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన జిల్లాలు కాబట్టి అప్పటిదాకా మనం 'దత్త' వాళ్లం. కడప కోటిరెడ్డి గారు అధ్యక్షులు. రాయలసీమ అనే పేరును అక్కడ ప్రతిపాదించింది చిలుకూరి నారాయణరావు గారు. ఉత్తరాంధ్రలో పుట్టి, అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు చెప్పిన అధ్యాపకుడు. కోస్తా సర్కారు జిల్లాల మీద అనుమానం రగులుతున్న రోజుల్లో, అటువైపు నుంచి వచ్చిన పంతులు ఇచ్చిన పేరును సీమ తన పేరుగా తీసుకుంది. ఇక్కడి పిల్లలకు పాఠం చెప్పి సంపాదించుకున్న నమ్మకం అది. చాలాకాలం ఆ పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు పెట్టారనే చెప్పుకున్నాం. ఆయన గొప్పవాడే, కానీ ఈ ఖ్యాతి చిలుకూరి వారిది.

బస్టాండులో పక్కన కూర్చున్న డిగ్రీ అమ్మాయిని అడిగితే, ఆయన పేరు వినలేదంది. నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల తెలుగు మాస్టార్లకు నా మనవి: వచ్చే నవంబర్ 18న ఒక్క పీరియడ్ చిలుకూరి వారికి ఇవ్వండి.