నెత్తురు ఆగేదాకా

సోంపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి, జీడిమామిడి తోటలే. ఉద్దానమంటే ఈ పచ్చదనం, దానితోపాటు కారణం ఇంకా పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు. నేను వెళ్లిన డయాలసిస్ కేంద్రంలో మంచాలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఇంత కొబ్బరి పండే చోట వీళ్లెవరూ బొండాం నీళ్లు తాగకూడదు. అందులోని పొటాషియాన్ని పాడైన కిడ్నీలు బయటికి నెట్టలేవు, అది పెరిగితే గుండె లయ తప్పుతుంది.

లయ తప్పిన గుండె గురించే నేనూ వచ్చాను. కిటికీ పక్క మంచం మీద అరవై దాటిన రైతు. ఎట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది. "గుండె గబగబా కొట్టేసుకుంటాది బాబూ, మళ్లీ దానంతటదే ఊరుకుంటాది" అన్నాడు. గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతుంటే, ఎడమ గదికి అంటుకున్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. కిడ్నీలు బాగున్నవాళ్లకైతే రక్తం పలచబడే బిళ్ల రాసి పంపేస్తారు. డయాలసిస్ మీదున్నవాళ్లకు నెత్తురు ఆపే ప్లేట్‌లెట్లే సరిగా పనిచేయవు. పైగా మిషన్ గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా మామూలుగా హెపారిన్ ఎక్కిస్తారు.

నాలుగు గంటలు పూర్తయ్యాయి. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన ఫిస్టులా చేతి నుంచి సూదులు తీసి, టెక్నీషియన్ కుర్రాడు గాజుగుడ్డ పెట్టి బొటనవేలితో అదిమాడు. పక్క మంచం అబ్బాయికి అప్పటికే ప్లాస్టర్ వేసేశారు, చొక్కా చెయ్యి దించుకుని వెళ్లిపోయాడు. ఈయన దగ్గర గుడ్డ ఎత్తి చూస్తే మళ్లీ ఎర్రటి చుక్క ఊరింది. "పెదనాన్నా, చెయ్యి కదపకు" అంటూ కుర్రాడు మళ్లీ అదిమాడు.

పాత మందు వార్ఫరిన్‌కు, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ చేయించుకోవాలి. అది రక్తనాళాల్లో కాల్షియం పేరుకోవడాన్ని పెంచుతుందన్న భయమూ ఉంది. కొత్త మందుల్లో డాబిగాట్రాన్ దాదాపు 80 శాతం కిడ్నీల ద్వారానే పోవాలి కాబట్టి దాని ఊసే లేదు. అపిక్సబాన్‌కు ఆ వాటా 27 శాతమే. అయితే దాన్ని నిలబెట్టిన పెద్ద ప్రయోగంలో డయాలసిస్ రోగులను చేర్చుకోలేదు. తర్వాత అమెరికాలో 154 మందితో రెనల్-ఏఎఫ్, జర్మనీలో 97 మందితో ఆక్సాడియా అనే ప్రయోగాలు జరిగాయి. రెండూ ఏ మందు మేలో తేల్చేంత పెద్దవి కావు. పైగా రెండింటిలోనూ అపిక్సబాన్‌ను పోల్చింది వార్ఫరిన్ జాతి మందుతోనే. అసలు ఏ మందూ వేయకపోతే ఏమవుతుందో అవి అడగలేదు. ఈ మంచం దగ్గర నిలబడితే ముందు అడగాల్సింది అదేననిపించింది. 2023 నాటి అమెరికా మార్గదర్శకాలు కూడా ఇలాంటి రోగులకు వార్ఫరిన్ గాని అపిక్సబాన్ గాని ఇవ్వడం సబబు కావచ్చు అని మాత్రమే అన్నాయి. గుండెలోని ఆ సంచికి బిరడాలాంటి పరికరం బిగించే పద్ధతి ఉంది గాని, దాని ఖర్చు ఈ వార్డుకు అందేది కాదు.

ఈయనకు ఒకసారి మూతి వంకరపోయి, తర్వాత సర్దుకుంది. డాక్టరు తూకం అక్కడే ఒరిగింది. అప్పటిదాకా వేసుకుంటున్న వార్ఫరిన్ ఆపించి అపిక్సబాన్ 2.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాశారు, హెపారిన్ తగ్గించమన్నారు. మలం నల్లగా వస్తే వెంటనే రమ్మన్నారు.

రైతు అడిగిందొక్కటే. "గోంగూర తినొచ్చునా బాబూ? పాత బిళ్ల ఏసుకున్నప్పుడు మానీమన్నారు."

"ఈ బిళ్లకి గోంగూరతో పేచీ లేదు. మీ కిడ్నీలకి ఉంది" అన్నారు డాక్టరు. "ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, కొంచెమే తినండి."