ఆ నోరు నాదే... గొంతు నాది గాదు!

మా నాన్న కుర్రతనంలో సినిమాకి వెళితే, అసలు బొమ్మకి ముందు తప్పనిసరిగా ఓ డాక్యుమెంటరీ వేసేవారట. 1948లో మొదలైన ఫిలిమ్స్ డివిజన్ వాళ్లు తీసిన చిత్రాలవి. ఓ పల్లె, ఓ జాతర, ఓ నాట్యం, వెనకాల గంభీరమైన గొంతు. ‘అప్పుడే బయటికెళ్లి ఓ బీడీ కాల్చుకొచ్చేవాళ్లం’ అంటాడు నాన్న. నేను మాత్రం అలా తప్పించుకోలేకపోయాను. ఎందుకంటే అలాంటి చిత్రానికి ఒకసారి నేనే వ్యాఖ్యానం రాశాను. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామని.

మాది మంజీర ఒడ్డున ఓ చిన్న ఊరు. నాన్న పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. అందుకని నేను పెరిగిందంతా సైరన్ల మధ్య, రసాయనాల వాసనల మధ్యే. సెలవులొస్తే మాత్రం ఊరికి, అవ్వ దగ్గరికి. అవ్వంటే మా నాన్నమ్మ. బతుకమ్మ పాట ఎత్తుకుందంటే వాడకట్టంతా వచ్చి నిలబడేది. పేపర్లకి, వీక్లీలకి రాసుకుంటూ బతికే నాలాంటి బి.ఏ. గాడికి అంతకు మించిన ఆస్తి ఏముంటుంది చెప్పండి?

2014 మే నెల. మరో కొద్ది రోజుల్లో తెలంగాణ రాష్ట్రం రాబోతోంది. మన పండుగలు, మన ఆచారాల మీద డాక్యుమెంటరీలకి గిరాకీ పెరిగింది. సిటీ నుంచి ఓ బృందం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పేరెందుకు లెండి! ‘మీ ఊళ్లో బతుకమ్మ తీస్తాం, వ్యాఖ్యానం మీరు రాయండి, ఐదు వేలిస్తాం’ అన్నారు. ఎగిరి గంతేశాను.

అవ్వకి చెబితే నవ్వింది. ‘ఇప్పుడేం బతుకమ్మ కొడుకా? తంగేడు పూసిందా, గునుగు పూసిందా?’ అంది. నిజమే! బతుకమ్మ భాద్రపద అమావాస్యకి మొదలై దుర్గాష్టమికి ముగిసే పండుగ. వానలకి చెరువులు నిండి, బీళ్లలో పూలు విరగబూసే కాలం. మే నెలలో మా చెరువులో నెర్రెలు తప్ప నీళ్లెక్కడివి? బృందం వాళ్లకి ఆ బెంగే లేదు. బంతిపూలు కొనుక్కొచ్చారు, అందరికీ ఒకే రంగు చీరలు పంచారు. నీళ్లకి తొట్టి ఉందిగా, క్లోజప్‌లో ఏమీ తెలియదన్నారు.

అవ్వ నా ముఖం చూసి ఒప్పుకుంది. పూలు పేర్చింది, చప్పట్లు కొట్టింది, పాడింది. ఎండలో మూడు టేకులు! కానీ సాగనంపే ఘట్టం దగ్గర ఆగిపోయింది. ‘రానే రాని తల్లిని పోయిరా అని ఎట్ల సాగనంపుత?’ అంది. కెమెరామాన్‌కి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అయినా ‘అవ్వా, ఒక్కసారి’ అన్నాను. ఆమె అక్కణ్నుంచి లేచి లోపలికి వెళ్లిపోయింది. చివరికి ఇంకెవరి చేతులో తీశారు.

చిత్రం పూర్తయింది. అవ్వకి లాప్‌టాప్‌లో చూపించాను. తెర మీద అవ్వ పెదవులు కదులుతున్నాయి, వినిపిస్తున్నది మాత్రం స్టూడియోలో పాడించిన కోరస్! దాని మీద ‘తరతరాలుగా చెక్కుచెదరని సంప్రదాయం’ అంటూ నా వ్యాఖ్యానం. అవ్వ కాసేపు చూసి మెల్లగా అంది: ‘ఆ నోరు నాదే... గొంతు నాది గాదు.’

2016లో అవ్వ పోయింది. ఆమె గొంతు రికార్డు చేసినది ఒక్క ముక్క కూడా నా దగ్గర లేదు. ఉన్నదల్లా ఆ మూడు నిమిషాల మూగబొమ్మ.

తర్వాత డాక్యుమెంటరీల గురించి దొరికిందల్లా చదివాను. ఈ జబ్బు మనదొక్కటే కాదని తెలిసింది. 1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ చాలా పేరున్న చిత్రం. అప్పటికే అక్కడి ఎస్కిమోల చేతుల్లో తుపాకులున్నా, పాత పద్ధతి ఈటెలతోనే వేటాడించాడట. లోపల వెలుతురు చాలదని సగం కోసేసిన మంచు ఇంట్లో వాళ్లని పడుకోబెట్టాడట! రుమేనియాలో 1929లో దిమిత్రీ గుస్తీ అనే ప్రొఫెసరు శిష్యులతో ద్రగూష్ అనే పల్లెకి వెళ్లాడు. అక్కడి జీవితాన్ని అధ్యయనం చేస్తూ చిత్రం కూడా తీయించాడు. ఉద్దేశాలు గొప్పవే కావచ్చు. కానీ కెమెరా ఎప్పుడూ ఊరి బయటి నుంచి వచ్చినవాళ్ల భుజం మీదే!

మన దగ్గరికొస్తే, 1980లో విడుదలైన ‘మా భూమి’ని మెదక్ జిల్లా మంగళపర్తిలో తీశారు. దాని నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావు ఆ జిల్లా బిడ్డే. తర్వాత ‘మా ఊరు’ అనే డాక్యుమెంటరీ తీశారు. ఆ పేరు చూడండి, ‘వాళ్ల ఊరు’ కాదు, ‘మా ఊరు’!

ఇంకా దగ్గర్లో మరో వింత ఉంది. ముంబై హైవే మీద పోతే జహీరాబాద్ పక్కన పస్తాపూర్. అక్కడ 1983లో మొదలైంది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ దాన్ని నడిపించారు. 2023లో కన్నుమూశారు. ఆ సంస్థలో పేద దళిత మహిళా రైతులు 1990ల చివర్లో కెమెరా పట్టారు. చాలామందికి చదువు రాదు. అయితేనేం! వరంగల్ పత్తి రైతుల పొలాలకి సీజనంతా మళ్లీ మళ్లీ వెళ్లి, బీటీ పత్తి మీద వాళ్లకెందుకు కోపమో 2003లో చిత్రంగా చూపించారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు.

అన్నట్టు, వాళ్ల షాట్లకి వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. ఒకరు పైన, ఒకరు కింద ఉన్నట్టు చూపించే కోణానికి ‘పటేల్ షాట్’. ఎదుటిమనిషితో సమానంగా కూర్చుని, కళ్లకి కళ్లు సూటిగా తీసేది ‘సంగం షాట్’. సంగంలో అందరూ చాప మీదే కదా కూర్చునేది! సినిమా వ్యాకరణం మీద పుస్తకాలు తిరగేసిన నాకు ఇంత చక్కటి మాట ఎక్కడా కనబడలేదు.

2017 సంక్రాంతికి వాళ్ల పాత పంటల జాతర చూడటానికి వెళ్లాను. సింగారించిన ఎడ్లబండ్ల మీద జొన్నలు, కొర్రలు, సామలు, రకరకాల విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. దాదాపు నెల రోజుల పండుగ. ఓ అరుగు మీద ఒక ముసలమ్మ విత్తనాలు చెరుగుతోంది. కెమెరా పట్టుకున్నామె ఆమె పక్కనే కూర్చుని, ‘తియ్యాల్నా అవ్వా?’ అనడిగింది. ‘జరాగు, చెరుగుడు ఐపోనీ’ అంది ముసలమ్మ. కెమెరా ఆమె ఆగింది. చేట పక్కన పెట్టేదాకా ఆగింది! నేను ఓ పక్కకి వెళ్లి ముఖం తుడుచుకున్నాను. మా అవ్వని నేనడిగింది ‘ఒక్కసారి’ అనే కదా! ఒక్కసారైనా ‘తియ్యాల్నా?’ అని అడగలేదు.

పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్‌లో లక్షకు పైగా విత్తన నమూనాలు చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. అది అవసరమే. కాదనను. కానీ జాతరలో చేతులు మారే విత్తనం మళ్లీ వానాకాలానికి మొలకెత్తుతుంది. ఆచారాల మీద తీసే చిత్రాలు కూడా ఈ రెండు రకాలే అనిపిస్తుంది నాకు. మేము తీసింది మాత్రం రెండూ కాదు. అది ప్లాస్టిక్ విత్తనం!

కిందటేడు మా కాలనీలో అమ్మ బతుకమ్మ పేర్చింది. తంగేడు పువ్వు కోసం నాన్న పొద్దున్నే బస్సెక్కి ఊరి దాకా వెళ్లొచ్చాడు. నేను ఫోన్ పట్టుకుని నేల మీద, అమ్మ ఎదురుగా కూర్చున్నాను. ‘తియ్యాల్నా అమ్మా?’ అన్నాను. అమ్మ నా వంక అదోలా చూసింది.

‘నా గొంతే ఉంటదా?’

‘ఉంటదమ్మా.’

పాట మధ్యలో ఫ్యాక్టరీ సైరన్ మోగింది. ఎవరో పిల్లాడు ఏడ్చాడు. అమ్మ ఓ చరణం మరిచిపోయి, పక్కింటామెని అడిగి మళ్లీ అందుకుంది. ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు.

మీ అందరి జేబుల్లోనూ ఇవాళ కెమెరాలున్నాయి. ఇంట్లో అవ్వో, అమ్మమ్మో ఉంటే ఈ ఆదివారం సినిమాకి వెళ్లేముందు ఓ అరగంట ఆమె ఎదురుగా నేల మీద కూర్చోండి. ముందు అడగండి. ఊఁ అంటేనే తీయండి. వెనకాల మ్యూజిక్ మాత్రం పెట్టకండి!