కడెంలో పడవ టికెట్టు, కవ్వాల్‌లో అడవి రుసుము

కడెం జలాశయం మీద బోటు ఎక్కేవారు కొనే టికెట్టు డబ్బు పర్యాటకాభివృద్ధి సంస్థకు పోతుంది. ఆ జలాశయాన్ని నింపే కవ్వాల్ అడవిలోకి వెళ్లినందుకు కట్టే రుసుము అటవీశాఖ చేతుల మీదుగా పులుల సంరక్షణ ఫౌండేషన్‌ ఖాతాకు చేరాల్సినది. నీళ్లు, గేట్లు నీటిపారుదల శాఖవి. ఆ నీళ్లలో చేప మత్స్యశాఖ లైసెన్సు ఉన్న మత్స్యకారులది. ఒకే నీటి ఒడ్డున నలుగురు లెక్కలు రాస్తారు, ఎవరి పుస్తకం వారిదే.

కొండగట్టు నుంచి కడెం వెళ్లేవారు జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరిని దాటి, లక్షెట్టిపేట, జన్నారం తోవ పట్టుకుంటారు. మేము వెళ్లిందీ ఆ తోవనే. రుసుము కట్టడం ఈ ప్రాంతం వారికి కొత్త కాదు. కొండగట్టు అంజన్న గుట్ట మీద దర్శనానికి, పూజకు, తలనీలాలకు వేర్వేరు టికెట్లున్నాయి. ఆలయం 1987 నాటి దేవాదాయ చట్టం కింద కార్యనిర్వహణాధికారి చేతిలో నడుస్తుంది. హుండీ విప్పితే లెక్కింపు పదిమంది ఎదుట జరుగుతుంది, ఎంత వచ్చిందో పేపర్లో పడుతుంది. ఆ డబ్బు ఎక్కడ ఖర్చయిందన్న దానిపై జగడాలుంటే ఉండవచ్చు గానీ, ఎంత వచ్చిందన్నది మాత్రం దాగదు. కడెం ఒడ్డున టికెట్టు చేతిలో పట్టుకున్న మనిషికి ఆ పాటి సమాచారం కూడా ఉండదు.

పడవ రుసుమూ ఇక్కడ పాతదే. గోదావరి మీద వంతెనలు రాకముందు రేవుల్లో పడవ నడిపే హక్కును వేలం వేసేవారు. పాట దక్కించుకున్న గుత్తేదారు మనిషికింత, బండికింత అని వసూలు చేసుకునేవాడు. గడువు ముగిసేలోపు పాట డబ్బు రాబట్టుకోవడం అతని పని. రేవు గట్టు కోసుకుపోయినా, ఒడ్డున చెట్టు కూలినా అతని లెక్కలోకి రాదు. నేటి బోటింగ్ కేంద్రాల్లో గుత్తేదారు స్థానంలో పర్యాటక సంస్థ వచ్చింది, కంప్యూటర్ రసీదు వచ్చింది. రుసుమంటే ప్రయాణానికి ధర అన్న ఆలోచన మాత్రం అప్పటిదే.

కడెం ఆనకట్ట గోదావరికి ఉపనది అయిన కడెం వాగు మీద, నేటి నిర్మల్ జిల్లాలో ఉంది. నిర్మాణం 1949లో మొదలైంది. 1958 వరదకు గండి పడింది. తర్వాత గేట్లు పెంచి 1965 నాటికి పూర్తిచేశారు. ఇప్పుడు 18 గేట్లున్నాయి. పూర్తి నీటిమట్టం 700 అడుగులు, నిల్వ సుమారు 7.6 టీఎంసీలు. 2022 జులైలో గేట్లు వదలగలిగిన దానికంటే ఎంతో ఎక్కువగా, 5 లక్షల క్యూసెక్కులకు పైబడి వరద వచ్చింది. ఆనకట్ట తెగుతుందని కింది ఊళ్లను ఖాళీ చేయించారు, అయినా అది నిలిచింది. వరద ఇంత ఉద్ధృతంగా దిగిరావడానికి వాన ఒక కారణమైతే, వాన పడే కొండల మీద అడవి ఎంత మిగిలిందన్నది మరో కారణం. చెట్టు పలచబడితే నీరు నేలలో ఇంకదు. మట్టిని వెంటేసుకుని జలాశయంలోకి దిగుతుంది, నిల్వ తగ్గుతుంది. ఆనకట్టకైనా, ఆయకట్టుకైనా, బోటుకైనా పైనున్న అడవే ఆధారం.

ఆ అడవి కవ్వాల్. 1965లో అభయారణ్యమైంది, 2012 ఏప్రిల్‌లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. కోర్ ప్రాంతం సుమారు 892 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్రలోని తడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి పులులు ఇటు వస్తూ పోతూ ఉంటాయి. వచ్చిన పులి ఇక్కడ స్థిరపడటం లేదన్నదే అటవీశాఖకు ఎన్నాళ్లుగానో ఉన్న బెంగ.

ఇక్కడ చట్టం ఒక ముఖ్యమైన ఏర్పాటు చేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణ ద్వారా 38ఎక్స్ సెక్షన్ వచ్చింది. పులుల అభయారణ్యాల కోసం రాష్ట్ర ప్రభుత్వం పులుల సంరక్షణ ఫౌండేషన్‌ను ఏర్పాటు చేయాలని అది చెబుతుంది. ఆ ఫౌండేషన్ లక్ష్యాల్లో ఒకటి, ప్రవేశ రుసుము వంటి వసూళ్లను తిరిగి ఆ అడవికి, దాన్ని ఆనుకుని బతికేవారికి మళ్లించడం. అంటే అభయారణ్యం గేటు దగ్గర కట్టిన డబ్బు ప్రభుత్వ ఖజానా అనే సముద్రంలో కలిసిపోకుండా, అక్కడే కాపలా మనుషుల కూలికి, నీటి తొట్లకు, చుట్టుపక్కల గ్రామాల పనులకు వాడవచ్చు. పాలకమండలికి అటవీ మంత్రి అధ్యక్షుడు, కార్యనిర్వాహక సంఘానికి ఫీల్డ్ డైరెక్టర్. ప్రభుత్వమే నడిపే ధర్మసంస్థ అనవచ్చు. అందువల్ల స్వతంత్రత తక్కువ, నిలకడ ఎక్కువ.

కడెంలో బోటు టికెట్టు మాత్రం ఈ ఏర్పాటుకు వెలుపల ఉంది. జలాశయం కోర్ ప్రాంతం కాదు, బోటు అటవీశాఖది కాదు. సందర్శకుడు చూసి మురిసేది నీటి వెనకున్న కొండల వరసను, కట్టేది నీటి మీద గడిపిన సమయానికి. ఆ కొండల బాగుకు ఆ టికెట్టులోంచి ఇంత అని విడిగా తీసే పద్ధతి ఉంటే బాగుంటుందని నాకు తోచింది.

ఈ పద్ధతి ఊహించి చెప్పేది కాదు. కేరళలో పెరియార్ జలాశయం కూడా సేద్యపు ఆనకట్ట వల్ల ఏర్పడినదే, పులుల అభయారణ్యం నడిబొడ్డున ఉంది. అక్కడ 2004లో పెరియార్ ఫౌండేషన్ ఏర్పడింది. తర్వాత దేశమంతటికీ చట్టం తెచ్చిన ఫౌండేషన్లకు దాన్నే నమూనా అనుకోవచ్చు. సందర్శకుల నుంచి ప్రవేశ రుసుముతో పాటు ఎకో డెవలప్‌మెంట్ సర్‌చార్జీ వసూలు చేసి, ఒకప్పుడు అడవిలో దొంగతనంగా వేటాడి, దాల్చిన చెక్క ఒలిచినవారిని కాపలాదారులుగా, గైడ్లుగా మార్చిన పనికి ఊతమిచ్చారు. రుసుము మాత్రమే రక్షణ కాదని చెప్పేదీ పెరియారే. 2009 సెప్టెంబరు 30న అక్కడ పర్యాటక బోటు బోల్తా పడి 45 మంది చనిపోయారు. ఇటు గోదావరిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న జరిగిన ప్రమాదమూ అలాంటిదే. బోటు రిజిస్ట్రేషన్, తనిఖీ, లైఫ్ జాకెట్ల నియమాలు 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టంలో ఉన్నాయి. ఆ ఖర్చు టికెట్టులోంచే రావాలి, దాన్ని తగ్గించి అడవికి ఇవ్వమని ఎవరూ అడగరు.

పడవ రుసుమును ప్రకృతి రక్షణకు ముడిపెట్టే ప్రశ్న ఇంగ్లండులో మరో రూపంలో ఉంది. అక్కడ సొంత తెరచాప పడవలున్నవారు సెలవులకు అందమైన సముద్రపు పాయల్లో రాత్రి ఆగుతారు. నౌకాయానపు హక్కులో భాగంగా లంగరు వేయడానికి సాధారణంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ నీటి అడుగున శాశ్వతంగా బరువు దింపి, తేలే బోయా కట్టి, దానికి పడవను కట్టుకోనివ్వాలంటే అడుగు నేల సొంతదారు ఒప్పుకోవాలి. వైట్ దీవిలోని న్యూటౌన్ వంటి చోట్ల ఆ నిర్వహణ నేషనల్ ట్రస్టు అనే ధార్మిక సంస్థది. 1895లో పుట్టిన సంస్థ అది. పడవను కట్టుకున్నందుకు వసూలు చేసిన సొమ్మును అక్కడి చిత్తడి నేల సంరక్షణతో జోడించగలగడం, వసూలు చేసేవారు, కాపాడేవారు ఒకరే కావడం వల్ల సాధ్యమైంది. కడెంలో బోట్లు సాయంత్రానికి ఒడ్డుకే చేరతాయి, రాత్రంతా నీటిపై ఉండే సొంత పడవల వాళ్లు లేరు. మత్స్యకారుల తెప్పలు ఒడ్డున కట్టి ఉంటాయి. వాటి మీద రేవు రుసుము వేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే అది పొరపాటే. ఈ నీటి మీద బతికేవారు లైసెన్సు ద్వారా ఇప్పటికే తమ వంతు చెల్లిస్తున్నారు.

రుసుముతో ఎంత పని జరుగుతుందన్నదీ చూడాలి. కోర్ ప్రాంతంలోని రాంపూర్, మైసంపేట గూడేల వారిని కడెం మండలంలోనే అడవి బయటికి తరలించారు. ఇలాంటి తరలింపుకు కేంద్ర పథకం కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ నిర్ణయించింది. ఒక్క కుటుంబం లెక్కే ఇంత. బోటు టికెట్ల సర్‌చార్జీ ఈ భారాన్ని మోయలేదు, మోయాలని కోరడమూ తగదు. ఒడ్డున ప్లాస్టిక్ ఏరించడం, వేసవిలో నిప్పు కాపలా, స్థానిక యువకులకు గైడు శిక్షణ వంటి చిన్న ఖర్చులకు అది సరిపోతుంది.

ఈ సర్‌చార్జీకి కొత్త చట్టం అక్కర్లేదు. పర్యాటక సంస్థ, ఫౌండేషన్ ఒప్పందం రాసుకుని, టికెట్టు మీద ఆ భాగాన్ని విడి పంక్తిగా అచ్చువేస్తే చాలు. ఏటా ఎంత వచ్చిందో, దేనికి పోయిందో బోటు ఎక్కేచోట బోర్డు మీద రాయాలి. చిక్కు రుతువులతో వస్తుంది. వానాకాలంలో సఫారీ మూసేస్తారు, వరద ఉన్నప్పుడు బోట్లు ఆపుతారు. వేసవిలో నీటి వనరుల దగ్గర జంతువులు బాగా కనబడతాయి గానీ, యాసంగి పంటకు నీళ్లు వదిలాక జలాశయం ఒడ్డు నుంచి వెనక్కి జరుగుతుంది. అడవి, నీరు రెండూ కలిసివచ్చే కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే. సర్‌చార్జీ రాబడి అంచనాలు ఆ 5 నెలల మీదే వేసుకోవాలి.