ప్లేటు కింద స్ప్రింగు

సినిమా ఫంక్షనుకు వెళ్ళినవాళ్ళు హీరోగారిని చూస్తారు, హీరోయిన్ చీర చూస్తారు, చివర్లో బిర్యానీ ఎక్కడుందో చూస్తారు. నేను మాత్రం ప్లేట్లు ఎందులోంచి వస్తున్నాయో చూస్తాను. ఏం చెయ్యను, వృత్తి అలాంటిది! హోటళ్ళ వంటిళ్ళలో యంత్రాలు బాగుచేయడం నా పని.

శతదినోత్సవాలు పోయి సక్సెస్ మీట్లు వచ్చినా, బఫే భోజనం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ వరస మొదట్లో ఒక స్టీలు డబ్బా ఉంటుంది, చూశారా? పై ప్లేటు తియ్యగానే కిందిది లేచి సరిగ్గా అదే ఎత్తుకొచ్చి నిలబడుతుంది. 50వ మనిషి కూడా నడుం వంచనక్కర్లేదు. దాన్ని ప్లేట్ డిస్పెన్సర్ అంటారు. చూసేవాళ్ళకు ఇంద్రజాలం! లోపలున్నది మాత్రం ప్లేట్లు మోసే చిన్న బల్ల, దాన్ని పైకి లాగిపట్టే స్ప్రింగులు. అంతే. కొన్నిటికి కరెంటు ఉంటుంది గానీ, అది ప్లేట్లు వేడిచేయడానికే.

బరువు ఎంత పెరిగితే స్ప్రింగు అంత సాగుతుందని రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1678లో ప్రచురించాడు. ఈ డబ్బా కథంతా అదే. ఒక ప్లేటు బరువు 600 గ్రాములు, దొంతరలో అది పెంచే ఎత్తు 8 మిల్లీమీటర్లు అనుకోండి. 600 గ్రాములకు బల్ల సరిగ్గా 8 మిల్లీమీటర్లు దిగాలి. 50 ప్లేట్లు పెడితే 30 కిలోలు, బల్ల 40 సెంటీమీటర్లు దిగుతుంది. దొంతర ఎత్తూ అంతే! ఎన్ని ప్లేట్లున్నాయన్నది కాదండీ, ఒక్క ప్లేటు బరువెంత, ఎత్తెంత అన్నదే లెక్క.

తంటా అంతా ప్లేట్లు మార్చినప్పుడే. ఆ మధ్య హైదరాబాదులో ఒక హోటలువారు కబురుపెట్టారు. కొత్తగా తేలికపాటి ప్లేట్లు కొన్నారు. ఎత్తు అదే, బరువు మాత్రం 450 గ్రాములు. 50 పెడితే బల్ల 30 సెంటీమీటర్లే దిగింది. మిగతా 10 సెంటీమీటర్ల దొంతర డబ్బా పైన గోపురంలా లేచింది. ట్రాలీ గడప దాటగానే పైవి జారి భళ్ళుమన్నాయి. తోసింది గిన్నెలు కడిగే ఆమె. పగిలినవాటి ఖరీదు ఆమె జీతంలో కొయ్యాలని మేనేజరుగారి తీర్మానం.

"తమ్మీ, పదేండ్ల సంది తోస్తున్న. ఒక్క ప్లేటు పడలే. గీ కొత్తయి వచ్చినంకనే గిట్లయితున్నది" అందామె.

రోగం ఏమిటో ఆ మాటలోనే ఉంది. ప్లేట్లన్నీ తీయించి, ప్లగ్గు పీకి, డబ్బా చల్లారాక విప్పాను. మూడు వైపులా నాలుగేసి, మొత్తం 12 స్ప్రింగులు. బరువు నాలుగో వంతు తగ్గింది గనుక స్ప్రింగులూ నాలుగో వంతు తగ్గాలి. వైపుకొకటి చొప్పున మూడింటిని కొక్కేల నుంచి తప్పించాను. మూడూ ఒకే వైపు తప్పిస్తే బల్ల ఒరిగి ఇరుక్కుంటుంది. మళ్ళీ 50 ప్లేట్లు పెట్టాం. పై ప్లేటు బుద్ధిగా డబ్బా అంచు దగ్గరే ఆగింది!

తీసిన స్ప్రింగులు పారెయ్యొద్దని చెప్పాను. రేపు బరువు ప్లేట్లు వస్తే మళ్ళీ తగిలించాలి. లేకపోతే దొంతర లోపలికి కుంగిపోయి, బావిలో చెంబు కోసం వెతికినట్టు చెయ్యిపెట్టి వెతకాలి.

మేనేజరుగారు నమ్మలేక ట్రాలీని తానే తోసి గడప దాటించారు. ఒక్క ప్లేటూ జారలేదు. జీతం కోత మాట మళ్ళీ ఎత్తలేదు.

సినిమా ఫెయిలైతే లైట్‌బాయ్‌ని ఎవరూ తిట్టరు. వంటింట్లో మాత్రం ప్లేటు పగిలితే తోసిన చెయ్యే ముందు కనిపిస్తుంది. ప్లేట్లు కొనే పెద్దలారా! కొత్త ప్లేటును ఒకసారి తక్కెడలో పెట్టి చూడండి. జీతాల పుస్తకం తర్వాత తెరవొచ్చు.